ఏడు షట్టర్ల చప్పుడు

షట్టర్ల మేస్త్రి ఏ షట్టరునూ కంటితో చూసి నమ్మడు. పైకెత్తి, కొక్కెం కర్రతో ఒక్క లాగు లాగి, అది నేల తాకేదాకా కళ్ళు మూసుకుని వింటాడు. స్ప్రింగు అలిసిపోతే ఒక చప్పుడు, పట్టీ వంగితే ఒక చప్పుడు, గాడిలో ఇసుక చేరితే ఇంకో చప్పుడు. "డాక్టరు గుండె మీద గొట్టం పెట్టినట్టు ఏం వింటావయ్యా" అని భార్య వెక్కిరించేది. "డాక్టరుకైనా గొట్టం కావాలి, నాకు అదీ అక్కర్లేదు" అనేవాడు ఆయన.

మహానగరంలో ముప్ఫై రెండేళ్ళు ఆ పనే చేశాడు. చివరి రెండేళ్ళూ తల గోక్కోవడానికి తీరిక లేనంత పని. నెలకొకసారి ఊరు దేనికో ఒకదానికి భగ్గుమనేది. రాళ్ళు పడి సొట్టలు పోయిన షట్టర్లు, గునపాలతో పెకలించిన షట్టర్లు, మంట తగిలి ఉబ్బిపోయిన షట్టర్లు. మొన్న బాగుచేసిన దాన్నే మళ్ళీ ఇవాళ బాగుచేసేవాడు. "ఊరి కడుపు మండితే మన పొయ్యి వెలుగుతోంది, ఇదేం బతుకు" అని ఒకసారి భార్యతో అన్నాడు. ఆ మాట అన్న మూడు నెలలకు ఆమె పోయింది.

ఆ రోజు ఊరు మూసేశారు. ఆమెకు ఊపిరి అందలేదు. ఆస్పత్రి ఇంటికి పన్నెండు నిమిషాల దూరం. దారిలో మూడు చోట్ల పోలీసు కంచెలు. మూడో కంచె దగ్గర, మొహం కనపడని హెల్మెట్‌లోంచి ఒక గొంతు, "దారి ఇవ్వమని ఆర్డరు లేదు, చుట్టూ తిరిగి వెళ్ళండి" అంది. చుట్టూ తిరిగి వెళ్ళేసరికి గంటా ముప్పావు పట్టింది.

సరిగ్గా ఆ సమయానికి ఆయన ఒక్కగానొక్క కూతురు ఊరికి ఆ కొసన, అలాంటి హెల్మెటే పెట్టుకుని, అలాంటి కంచె దగ్గరే నిలబడి ఉంది. ఫోను లాకర్లో ఉండిపోయింది. కబురు అందేసరికి సాయంత్రమైంది.

కూతుర్ని ఆయన ఒక్క మాట అనలేదు. అనకపోవడం వేరు, మనసులో లేకపోవడం వేరు.

ఆమె అడిగి మరీ బదిలీ చేయించుకుని ఈ చిన్న నగరానికి స్టేషన్ ఇన్‌స్పెక్టరుగా వచ్చింది. ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెంట వచ్చాడు. ఒక నది, రెండు వంతెనలు, ఒక పెద్ద బజారు. ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే నలభై నిమిషాలు, దారిలో పలకరింపులకు ఇంకో గంట. వచ్చిన మర్నాడే ఆయన గడియారం చూసుకుంటూ ఇంటి దగ్గర్నుంచి ఆస్పత్రిదాకా నడిచాడు. తొమ్మిది నిమిషాలు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఊరు ఆయనకు అలవాటైంది. అలవాటు కానిది ఒక్కటే. పొద్దున్నే కూతురు యూనిఫాం వేసుకునే వేళకు ఆయన పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. మొక్కలకు నీళ్ళు పోసేవాడు. వాన కురిసే రోజున కూడా పోసేవాడు. సాయంత్రం ఆమె బట్టలు మార్చుకున్నాకే మొహం చూసి మాట్లాడేవాడు. స్టేషన్ వైపు ఒక్కసారైనా వెళ్ళలేదు. అక్కడి షట్టరు సగంలో ఇరుక్కుపోయిందనీ, లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ తల వంచుకుని రావలసి వస్తోందనీ, వచ్చి చూడమనీ కూతురు నాలుగుసార్లు అడిగింది. "ఆ సైజు స్ప్రింగు దొరకడం లేదమ్మా" అని నాలుగుసార్లూ తప్పించుకున్నాడు.

సోమవారం పొద్దున ఆమె టోపీ మర్చిపోయి వెనక్కి వచ్చింది. హాల్లో ఎదురుపడ్డ తండ్రి చటుక్కున గోడవైపు తిరిగిపోయాడు. గోడ మీద చూడ్డానికి ఏమీ లేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమె నెమ్మదిగా అంది. "నాన్నా, ఈ ఉద్యోగం నువ్వు మానేయమంటే మానేస్తాను. మనసులో పెట్టుకోకు. ఆదివారం లోగా చెప్పు. మళ్ళీ అడగను."

"అలాగేనమ్మా" అన్నాడు. చెప్పవలసిన మాట ఆయన దగ్గర సిద్ధంగానే ఉంది. మానెయ్యి తల్లీ. రెండే ముక్కలు. శనివారం సాయంత్రం చెబుదామని నిర్ణయించుకున్నాడు.

శనివారం పొద్దున బజారులో పని పడింది. వరసగా ఉన్న ఏడు కొట్ల వాళ్ళు వానలకు ముందే షట్టర్లు చూడమన్నారు. తాళాలు ఆయన చేతిలో పెట్టి, "గంటలో వస్తాం బాబాయ్" అని కలిసికట్టుగా టీకి పోయారు. ఆయన గాడులు తుడిచాడు, గ్రీజు పట్టించాడు, స్ప్రింగులు బిగించాడు. ఇక వినడం మిగిలింది.

వరస కొట్లు చూసినప్పుడు ఆయన పద్ధతి వేరు. అన్నిటినీ పైకెత్తి, చివరి దాని నుంచి మొదటి దాని దాకా నడుస్తూ, సందు ఇవ్వకుండా ఒకదాని వెంట ఒకటి దించుతాడు. ఒంటరిగా ఉంటే బాగానే ఉన్నట్టు నటించే షట్టరు, పక్కవాటితో కలిసి పడితే దొరికిపోతుంది. మహానగరంలో అలా దించే ముందు "పనీ... పనీ" అని వీధి అదిరేలా కేక వేసేవాడు. ఎందుకంటే అక్కడ షట్టర్లు వరసగా పడితే దానికి ఒక్కటే అర్థం, గొడవ మొదలైందని. ఇక్కడ కేక వేయలేదు. ఈ ఊరికి ఆ చప్పుడు ఏం తెలుసులే అనుకున్నాడు.

తను వచ్చినట్టే, ఆ రెండేళ్ళలో ఆ మహానగరం నుంచి ఇంకెంతమంది ఈ ఊరికి వచ్చి పడ్డారో ఆయనకు తట్టలేదు. ఆ పొద్దున అక్కడ మళ్ళీ గొడవలని అందరి ఫోన్లలోనూ వార్త తిరుగుతోందని కూడా తెలియదు. పనిలో ఉంటే ఆయన ఫోను చూడడు.

పదకొండింటికి ఏడు షట్టర్లూ దించాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. ఐదోది కొంచెం దగ్గింది. మిగతావన్నీ శుభ్రం.

కళ్ళు తెరిచేసరికి వీధిలో మనుషుల్లేరు. నడిరోడ్డు మీద ఎవరిదో ఒంటి చెప్పు ఉంది. ఎదుటి సందులో షట్టర్లు పడుతున్నాయి. దాని వెనక వీధిలోనూ పడుతున్నాయి. ఒక తల్లి బడివైపు పరిగెత్తుతోంది. ఒక్క క్షణం, వీళ్ళెందుకు పరీక్ష చేస్తున్నారా అనుకున్నాడు. మరుక్షణం అర్థమైంది, ఇది తన ఏడు షట్టర్ల చప్పుడు విని జరుగుతున్నదేనని.

"ఏం లేదు. పనీ... ఇది పని" అని అరిచాడు. వినేవాళ్ళు లేరు. దూరంగా వీధి కొసన జనం, అక్కడేదో లారీ ఆగిందంటూ వంతెనవైపు పోతున్నారు. గ్రీజు చేతులతోనే ఆయనా పడుతూ లేస్తూ వెళ్ళాడు.

వంతెన మీద ఒక లారీ ఆగి ఉంది. అందులో పద్నాలుగు మంది కూలీలు, పారలు, గునపాలు. రోడ్డు తవ్వే పనికి వచ్చినవాళ్ళు. ఎదురుగా డెబ్భై మంది ఊరివాళ్ళు, చేతికి ఏది దొరికితే అది పట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు బేకరీ ఆయన. మహానగరంలో ఆయన బేకరీ బూడిదైంది. ఇక్కడికి వచ్చి మళ్ళీ పొయ్యి కట్టుకున్నాడు. రొట్టెలు తీసే పొడవాటి కర్ర రెండు చేతులా పట్టుకుని, "ఒకసారి కాల్చుకున్నాను. ఇంకోసారి కాల్చుకోను" అంటున్నాడు. గొంతు పెద్దది కాదు. అందుకే భయం వేసింది మేస్త్రికి.

అప్పుడు స్కూటరు చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు వచ్చింది. వెనక సీటు మీద, పొట్ట సర్దుకుంటూ హెడ్ కానిస్టేబులు, స్టేషన్‌లో అందరూ పెద్ద హెడ్డు అనే ఆయన. స్కూటరును తెచ్చి లారీకీ జనానికీ మధ్య అడ్డంగా నిలిపింది. మేస్త్రి అలవాటుకొద్దీ చూపు దించుకున్నాడు. బూట్లు కనపడ్డాయి. మాటలు వినపడ్డాయి.

వైర్‌లెస్‌లో పై అధికారి అడుగుతున్నాడు. "రెండు బస్సుల బలగం పంపమంటారా?"

"ఇరవై నిమిషాలు ఆగండి సర్. అవసరమైతే నేనే అడుగుతాను" అంది. తర్వాత బేకరీ ఆయన వైపు తిరిగింది. "ఏమైందన్నా?"

"ఏమవుతుంది మేడమ్. రెండు లారీల్లో దిగారు. ఇది ఒకటి. రెండోది బజార్లో ఉంది. కొట్లు పగలగొడుతున్నారు."

"నువ్వు చూశావా?"

"చూడ్డమెందుకు, ఊరంతా అంటుంటే."

"ఊరంతా అంటే నాకు తెలియదు. ఒక మనిషిని చూపించు. నీకు ఎవరు చెప్పారు?"

బేకరీ ఆయన కర్రతో పక్కకు చూపించాడు. "రేడియో చెప్పాడు."

సెలూను నడిపే ఆయనకు ఊరు పెట్టిన పేరు రేడియో. ఆయన వెనకాలే సగం గడ్డం గీయించుకున్న ఒక పెద్దమనిషి, మెడలో తువాలుతో నిలబడి ఉన్నాడు. "నేను రెండు లారీలు అనలేదు మేడమ్. ఒక్కటే అన్నాను" అన్నాడు రేడియో. "అదీ నా సొంతం కాదు. మందుల షాపు అక్క చెప్పింది."

"అయితే పదండి, అక్క దగ్గరికే పోదాం. అందరూ రండి." కూలీల పెద్దను కిందికి పిలిచింది. "మీరు నా పక్కనే నడవండి. మీ వాళ్ళు లారీలోనే ఉంటారు." పెద్ద హెడ్డును లారీ మెట్టు మీద కూర్చోబెట్టింది. "ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు. మీ బాధ్యత."

"నేను కూర్చుంటే ఎక్కడానికి చోటెక్కడ మేడమ్" అన్నాడు హెడ్డు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

అలా డెబ్భై మంది వెనక్కి నడవడం మొదలుపెట్టారు. ముందు ఇన్‌స్పెక్టరు, పక్కన దుమ్ము కొట్టుకున్న కూలీల పెద్ద, వెనక కర్ర భుజాన పెట్టుకున్న బేకరీ ఆయన. చిట్టచివర మేస్త్రి. మహానగరంలో ఆయన ఎన్ని గుంపులను చూశాడో లెక్క లేదు. అక్కడ పోలీసులు గుంపును ముందు నుంచి తోసేవాళ్ళు. అది ఎక్కడ పుట్టిందో వెళ్ళి చూద్దామని ఎవరూ అనలేదు. అనుకున్నా వెళ్ళలేరు, అక్కడ పుకారు పుట్టిన చోటికి రెండు బస్సులు మారాలి. ఇక్కడ నడిచి వెళ్ళవచ్చు.

మందుల షాపు అక్క సగం మూసిన షట్టరు కిందనుంచి బయటికి వచ్చింది. "లారీ అని నేనెక్కడన్నాను? మనుషులు వస్తున్నారేమో, జాగ్రత్త అన్నాను. రేడియోకి ఒక చెవిలో వేస్తే నోట్లోంచి లారీ వచ్చింది."

"వస్తున్నారని నీకెవరు చెప్పారక్కా?"

"టైలరు తాతయ్య."

ప్రతి గుమ్మం దగ్గరా ఒక లారీ తగ్గుతూ వచ్చింది. మేస్త్రికి ఆ నడక ఎక్కడికి పోతోందో అప్పటికే అర్థమైంది. పక్కనే సందు ఉంది. అందులోకి దూరితే ఇంటికి నాలుగు నిమిషాలు. ఇన్‌స్పెక్టరు తండ్రే ఊరిని పరిగెత్తించాడని తెలిస్తే రేపటి నుంచి ఆమె మాట ఎవరు వింటారు? తను తప్పుకుంటే ఆమెకే మేలేమో. సందు మొదట ఒక్క క్షణం ఆగాడు. ముందు నుంచి ఆమె గొంతు వినపడింది. "తాతయ్యా, నింపాదిగా చెప్పండి. తొందరేం లేదు." ఆయన కాళ్ళు సందులోకి పోలేదు.

టైలరు మిషను ముందు ముడుచుకుని కూర్చున్నాడు. "నేను మనుషులను కూడా అనలేదమ్మా. షట్టర్లు పడుతున్నాయి అన్నాను, అంతే. వరసగా ఏడు. మా పాత వీధిలో నాలుగుసార్లు విన్నాను ఆ చప్పుడు. నాలుగోసారికి మా ఇల్లు లేదు."

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఎక్కడ పడ్డాయి?"

టైలరు చూపుడు వేలు ఎదురుగా ఉన్న ఏడు కొట్ల మీదికి వెళ్ళింది.

ఏడు షట్టర్లూ మూసి ఉన్నాయి. కొత్త గ్రీజు ఎండకు మెరుస్తోంది. మొదటి షట్టరు పక్కన కొక్కెం కర్ర, దాని కింద మందపాటి నీలం సంచి. ఆ సంచి కుట్టింది ఇన్‌స్పెక్టరు వాళ్ళమ్మ. పిడికి రెండుసార్లు కుట్టు వేసింది, మేస్త్రి బరువులు మోస్తాడని. ఇన్‌స్పెక్టరు దాన్ని చూసి ఆగిపోయింది. ఆమె వీపు బిగుసుకోవడం వెనకనున్న తండ్రికి తెలిసింది. ఏదో మరమ్మతు పనిలెండి, అందరూ వెళ్ళిపోండి అని అక్కడితో తెంపేస్తే ఎవరూ అడిగేవాళ్ళు లేరు.

ఆమె జనం వైపు తిరిగింది. "ఇక్కడ పని చేస్తున్నది ఎవరు?"

"నేనే" అన్నాడు మేస్త్రి.

జనం దారి ఇచ్చారు. ఆయన ముందుకు వచ్చి, తల ఎత్తి చూశాడు. ఎనిమిది నెలల తర్వాత కూతురిని యూనిఫాంలో చూడడం అదే మొదలు. హెల్మెట్ లేదు. చెమట పట్టిన మొహం మొత్తం కనపడుతోంది. అది వాళ్ళమ్మ మొహం. కుడి మణికట్టు దగ్గర బొత్తాం దారానికి వేలాడుతోంది. ఆ బొత్తాలు ఎప్పుడూ వాళ్ళమ్మే కుట్టేది.

"ఏడు షట్టర్లూ వరసగా దించింది మీరేనా?"

"అవునండి." ఆ అండి ఆయన అనుకుని అన్నది కాదు. దానంతట అదే వచ్చింది.

"ఎందుకు?"

"వినడానికి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె నవ్వలేదు. "పని ఉందని ముందుగా వీధిలో ఎవరికైనా చెప్పారా?"

"లేదండి. అక్కడైతే కేక వేసేవాణ్ణి. ఇక్కడ ఎవరికి తెలుసులే అనుకున్నాను. తప్పు నాదే."

ఆమె ఒక్క క్షణం ఆయన్ని చూసింది. "మళ్ళీ దించండి. ఇందాక దించినట్టే. అందరూ వింటారు." తర్వాత టైలరు దగ్గరికి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది.

మేస్త్రి ఏడు షట్టర్లనూ పైకెత్తాడు. ఈసారి గొంతు సవరించుకుని, "పనీ... పనీ" అని కేక వేశాడు. చివరి దాని దగ్గర మొదలుపెట్టి నడుస్తూ ఒక్కొక్కటే లాగాడు. వీధంతా నిలబడి వింది. టైలరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఏడోది నేల తాకాక మెల్లగా తెరిచాడు. ఎదురుగా ఏడు మూసిన కొట్లు, వాటి ముందు గ్రీజు చేతుల మనిషి, అంతే. "ఇదేనమ్మా. ఈ చప్పుడే" అన్నాడు.

కూలీల పెద్ద నోరు విప్పాడు. "ఆ ఐదోది బాగోలేదు."

మేస్త్రి గబుక్కున తిరిగాడు. "నీకూ వినపడిందా?"

"మా నాన్నది ఇదే పని. దగ్గుతోంది, కుడి గాడి అనుకుంటా."

"ఎడమ గాడి" అన్నాడు మేస్త్రి.

"కుడి."

బేకరీ ఆయన కర్రను గోడకు ఆనించి, చేతులు ముడుచుకుని నిలబడ్డాడు. తర్వాత కూలీల పెద్దతో, "పొద్దున ఏమన్నా తిన్నారా మీ వాళ్ళు?" అని అడిగాడు. అంతకు మించి క్షమాపణ ఆయనకు చేతకాలేదు. అవతలివాడికి అది సరిపోయింది.

రేడియో అప్పటిదాకా నోరు కట్టుకోవడమే గొప్ప. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా మేడమ్ పట్టేసింది" అన్నాడు. వీధంతా ఘొల్లుమంది. సగం గడ్డం పెద్దమనిషి, "ముందు నా రెండో చెంప సంగతి చూడవయ్యా" అని రేడియోని లాక్కుపోయాడు.

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్ తీసింది. "బలగం అక్కర్లేదు సర్. షట్టర్ల మరమ్మతు. అవును సర్, మరమ్మతే." తర్వాత మేస్త్రితో, "మూడింటికి స్టేషన్‌కు వచ్చి జరిగింది రాసి సంతకం పెట్టండి. ఇకమీదట వరసగా దించేముందు కేక వేయాలి" అంది.

"వేస్తానండి" అన్నాడు. ఆమె స్కూటరు కోసం వంతెనవైపు నడిచి వెళ్తుంటే, మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. పక్కన మందుల షాపు అక్క, "మీ అమ్మాయా?" అని అడిగింది. తెలిసే అడిగింది.

"మా అమ్మాయే" అన్నాడు. ఆ మాట నోట్లో చాలాసేపు ఉంది.

మూడింటికి స్టేషన్‌కు వెళ్ళాడు. షట్టరు నిజంగానే సగంలో ఇరుక్కుని ఉంది. ఆయన ముందు ఒక ముసలామె, నడుం పట్టుకుని, వంగి లోపలికి దూరింది. ఆమె వెనక ఆయనా వంగాడు. పెద్ద హెడ్డు కాగితం ఇచ్చాడు. జరిగింది జరిగినట్టు తొమ్మిది పంక్తులు రాసి సంతకం పెట్టాడు. ఇన్‌స్పెక్టరు చదివి, ఫైల్లో పెట్టింది.

"అయిందండి. మీరిక వెళ్ళొచ్చు."

ఆయన వెళ్ళలేదు. "షట్టరు చూడమన్నావు కదా" అన్నాడు.

ఆమె తలెత్తింది. "స్ప్రింగు దొరకడం లేదన్నావు."

"దొరికింది." నీలం సంచి అడుగునుంచి నూనె కాగితంలో చుట్టిన స్ప్రింగు తీశాడు. కాగితం పాతబడి మడతల దగ్గర చిరిగిపోయింది. అది ఈ ఊరు వచ్చిన మొదటి నెలలోనే, ఆమె చెప్పిన కొలతకు కొన్నది. ఆమె కాగితం వంక చూసింది.

గంట పట్టింది. పాత స్ప్రింగు విప్పాడు, కొత్తది ఎక్కించాడు, గాడిలోంచి దోసెడు తుప్పు తీశాడు. హెడ్డు నిచ్చెన పట్టుకున్నాడు. చివర అరచేత్తో చిన్న తోపు తోశాడు. షట్టరు గొణగకుండా, ఎక్కడా ఆగకుండా, పైదాకా వెళ్ళిపోయింది. ఎండ బల్లల దాకా వచ్చింది.

"దించి వినరా మరి?" అన్నాడు హెడ్డు. "కేక నేను వేస్తాను."

"దీన్ని దించే పనేముంది? పైకి పోయే చప్పుడు వింటే చాలు."

లోపల పని ముగించుకున్న ముసలామె గుమ్మం దగ్గరికి వచ్చి, అలవాటుగా వంగబోయి, పైకి చూసింది. నడుం మీద నుంచి చెయ్యి తీసి నిటారుగా నడిచి వెళ్ళిపోయింది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఆమె మెట్లు దిగేదాకా చూశారు.

మేస్త్రి చేతులు తుడుచుకుని సంచి భుజాన వేసుకున్నాడు. "అమ్మాయ్, ఆ మణికట్టు దగ్గర బొత్తాం ఊడేలా ఉంది. రేపు పొద్దున యూనిఫాం వేసుకుని నా దగ్గరికి రా. కుట్టిపెడతాను."

ఆమె మణికట్టు మీద రెండో చెయ్యి వేసుకుంది. "రేపు ఆదివారం నాన్నా."

"తెలుసు" అన్నాడు. "ఆదివారమైతే మాత్రం స్టేషన్ మూస్తారా ఏంటి?"